తళుకు లేని గాజు: శాస్త్రం ఎంత, బేరం ఎంత?

(డిసెంబరు 17, పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం 1982 నాటి నకారా కేసు తీర్పును తలచుకుంటాం. పింఛను సర్కారు దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు చెప్పిన రోజు ఇది. ఆ తరువాత డి.ఆర్. బకాయిలు, హెల్త్ కార్డుల సంగతి మాట్లాడుకుంటాం. కార్యదర్శిగారు నన్ను మాత్రం అద్దాల గురించి మాట్లాడమన్నారు. అందుకు కారణం మీలో కొందరికి తెలుసు. తెలియనివారి కోసం మనవి చేస్తాను.

దసరా వెళ్ళిన వారం ఒక పెద్దమనిషి మన కార్యాలయానికి వచ్చి రంగుల కరపత్రాలు పంచి వెళ్ళారు. 'పురుగు రెక్క నుంచి నేర్చిన లేజరు గాజు' అని పైన పెద్ద అక్షరాలు. కళ్ళజోడు మీద తళుకు ఉండదట. సోలారు పలకకు ఆ గాజు బిగిస్తే 40 శాతం ఎక్కువ కరెంటు వస్తుందట. జిల్లా ఏజెన్సీ కావాలంటే రెండు లక్షలు డిపాజిట్టు కట్టాలి. నెలనెలా రాబడి గ్యారంటీ. ఈ మధ్యనే రిటైరై గ్రాట్యుటీ చేతికందిన మన మిత్రులు ముగ్గురు నా దగ్గరకు వచ్చి, "పరిశ్రమల శాఖలో చేశారు కదా, ఇది నిజమేనా చెప్పండి" అని అడిగారు.

నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. 1979లో జిల్లా పరిశ్రమల కేంద్రంలో గుమాస్తాగా చేరి 2011లో రిటైరయ్యాను. చిన్న పరిశ్రమల దరఖాస్తులు చదవడం, నోటు రాయడం, పై అధికారి బల్లమీద పెట్టడం, ఇదే ముప్ఫై రెండేళ్ళు నా పని. ఈ విషయం కూడా ఫైలు చదివినట్టే చదివాను. ఇంజనీరింగు చదువుతున్న మా మనవడు కావలసిన వ్యాసాలు తెచ్చిపెట్టాడు, అర్థం కాని చోట విడమరిచాడు. నా నోటు సారాంశం ముందే చెబుతాను. కరపత్రంలో చెప్పిన శాస్త్రం నిజం. కరపత్రంలో చెప్పిన బేరం నిజం కాదు. ఈ రెంటినీ కలిపి మాట్లాడితేనే మనవాళ్ళు బోల్తా పడతారు. కాబట్టి విడదీసి చెబుతాను.

ముందు తళుకు అంటే ఏమిటో చూద్దాం. రాత్రిపూట గదిలో దీపం వేసుకుని కిటికీ అద్దంలోకి చూస్తే మన ముఖమే కనబడుతుంది. గాజు మీద పడిన వెలుగంతా లోపలికి పోదు, కొంత వెనక్కు తిరుగుతుంది. నిటారుగా పడే వెలుగులో మామూలు గాజు ముఖానికి 4 శాతం చొప్పున తిరిగిపోతుంది. అద్దానికి ముందూ వెనకా రెండు ముఖాలు కదా, మొత్తం సుమారు 8 శాతం. కుర్రవాళ్ళకు ఇది లెక్కలోది కాదు. మనకు లెక్కలోదే. కంటి కటకం మసకబారే వయసులో, ఎదురుగా వచ్చే లారీ దీపం కళ్ళజోడులో రెండు మూడుగా కనబడితే రోడ్డు దాటడం ఎంత కష్టమో ఇక్కడున్నవారికి చెప్పనక్కరలేదు.

వెలుగు ఎందుకు వెనక్కు తిరుగుతుంది? సముద్రపు అల నిట్టనిలువు గోడను కొడితే ఎగిరి వెనక్కు పడుతుంది. అదే అల మెల్లగా వాలిన ఇసుక ఒడ్డు మీదకు వస్తే పాకి, అలాగే అణిగిపోతుంది. గాలిలోనుంచి వచ్చే వెలుగుకు గాజు నిట్టనిలువు గోడ. ఆ గోడను వాలుగా చేయగలిగితే తళుకు పోతుంది. ఈ శాస్త్రానికంతటికీ మూలం ఇదే.

ఈ సంగతి మనుషులకు మొదట తెలిసింది పాతబడిన అద్దాల వల్ల. 1892లో ఇంగ్లండులో హెరాల్డ్ డెన్నిస్ టేలర్ అనే కటకాల నిపుణుడు, ఏళ్ళు గడిచి పైన చిలుము పట్టిన కటకం కొత్త కటకం కంటే ఎక్కువ వెలుగు పంపుతోందని గమనించాడు. పాతదానికీ ఒక గుణం ఉంటుందన్నమాట, మనవంటివారికి ఊరట కలిగించే సంగతి. కావాలని అలాంటి పొర తెప్పించడానికి ఆయన 1904లో పేటెంటు తీసుకున్నాడు గాని, ఆ పద్ధతి ఒక గాజుకు కుదిరితే మరో గాజుకు కుదరలేదు. 1935లో జర్మనీలోని జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా, గాలి తీసేసిన పెట్టెలో పలుచని పూత పూసే పద్ధతికి పేటెంటు సంపాదించాడు. 1938లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో కేథరిన్ బ్లాడ్జెట్ అనే మహిళ, సబ్బు జాతి పదార్థాన్ని అణువుల మందంలో 44 పొరలు వేసి, కనబడని గాజు తయారుచేసింది. పత్రికలు పొగిడాయి. కానీ గుడ్డతో తుడిస్తే ఆ పూత ఊడివచ్చేది. బజారులో నిలబడినవి గట్టి పూతలే. ఈ తుడుపు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

ఇక పురుగుల సంగతి. దీపం చుట్టూ తిరిగే చిమ్మట కన్ను చీకట్లో మెరవదు. మెరిస్తే ఏ పక్షో పట్టుకుపోతుంది. 1960లలో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్న్‌హార్డ్ ఆ కన్నును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పరిశీలిస్తే, దాని పైన నారుమడిలో వరినారులా కిక్కిరిసిన బుడిపెలు కనబడ్డాయి. ఒక్కొక్కటి సుమారు 200 నానోమీటర్లు. నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. మన తలవెంట్రుక మందం అరవై డెబ్బై వేల నానోమీటర్లు ఉంటుంది. కంటికి కనబడే వెలుగు అల పొడవు 400 నుంచి 700 దాకా. బుడిపె వెలుగు అలకంటే చిన్నది గనుక, వెలుగుకు బుడిపెలు విడివిడిగా తెలియవు. గాలి కొంచెం కొంచెంగా చిక్కబడి గాజైనట్టు అనిపిస్తుంది. అదే ఇందాక చెప్పిన వాలు ఒడ్డు.

మధ్య అమెరికాలో గ్రెటా ఓటో అనే సీతాకోకచిలుక ఉంది. దాని రెక్కలు గాజులాగా అవతలి పూవు కనబడేటంత తేటగా ఉంటాయి. 2015లో జర్మనీలోని కార్ల్స్‌రూహ పరిశోధకులు దాని గుట్టు చెప్పారు. రెక్కమీద స్తంభాలవంటి నిర్మాణాలున్నాయి, వాటి ఎత్తులు ఒకేలా ఉండవు. అలా ఎగుడుదిగుడుగా ఉండబట్టే ఏ పక్కనుంచి వెలుగు వచ్చినా తళుకు తక్కువ. వేసవిలో చెట్టు బోదెను పట్టుకుని చెవులు గింగురుమనేలా అరిచే సికాడా పురుగు రెక్కమీద కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది.

దీన్ని గాజుమీద తెచ్చినవారు గ్రీసు దేశంలోని క్రీట్ ద్వీపంలో, హెరాక్లియన్ పట్టణంలో ఉన్న ఫోర్త్ అనే పరిశోధన సంస్థవారు. ఎమ్మాన్యుయేల్ స్ట్రటాకిస్ బృందం 2019లో ఈ పని ప్రచురించింది. శుద్ధమైన సిలికా గాజు మీద ఫెమ్టోసెకండ్ లేజరు ప్రయోగించి, పై రెండు ప్రాణుల రెక్కల మీద ఉన్నట్టే స్తంభాలు మొలిపించారు. కనబడే వెలుగులో, పలు కోణాల్లో, తళుకు 1 శాతం కంటే తక్కువకు దిగింది. కాలం గడిచినా ఆ గుణం నిలిచిందని కూడా రాశారు.

ఫెమ్టోసెకండ్ అంటే, సెకనును లక్ష కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్ళీ వెయ్యి చేస్తే ఒకటి. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోయే వెలుగు ఆ వ్యవధిలో మిల్లీమీటరులో మూడువేల వంతు కూడా దాటదు. అంత చిన్న తునకలో బలమంతా కుదించి కొడితే, వేడి పక్కకు పాకే వ్యవధి ఉండదు. గాజు పగలదు, పైన మాత్రం మారుతుంది. పైగా లేజరు ఒక్కొక్క స్తంభాన్నీ చెక్కదు. గాలి వీస్తే ఇసుక మీద అలలు తమంతట తామే పడినట్టు, లేజరు పడిన చోట స్తంభాలు తమంతట తామే లేస్తాయి. వెలుగు కంపనం ఒకే దిక్కున ఉంటే గీతలు పడతాయి, గుండ్రంగా తిరిగేలా చేస్తే స్తంభాలు వస్తాయి. రసాయనాలు అక్కరలేదు. పూత కాదు గనుక పెచ్చు ఊడదు, గాజే ఆ రూపం దాల్చింది. ఇంత చిన్న తునకల బలమైన లేజరుకు దారి చూపిన 1985 నాటి పనికే డొనా స్ట్రిక్లాండ్, జెరార్డ్ మూరూలకు 2018లో నోబెల్ బహుమతిలో సగం ఇచ్చారు. మన పిల్లలు కొందరు కళ్ళజోడు తీసేయడానికి చేయించుకునే కంటి ఆపరేషనులో నల్లగుడ్డు పై పొరను కోసేది కూడా ఈ జాతి లేజరే.

ఇంతవరకు శాస్త్రం. చాలా గొప్పది. ఇక బేరం దగ్గరకు వద్దాం.

మా ఆఫీసులో ఒక ఫైలు నాకు బాగా గుర్తు. ఒక కుర్రవాడు ధాన్యపు ఊకతో వంటచెరకు ఇటుకలు చేసి తెచ్చాడు. మా వరండాలోనే వెలిగించి చూపించాడు. పొగ లేదు, చక్కగా మండింది. సబ్సిడీ వచ్చింది, బ్యాంకు అప్పిచ్చింది. రెండో వానాకాలానికి యూనిట్టు మూతపడింది. నమూనాలో లోపం లేదు. చేత్తో చేసిన పది ఇటుకలు ఎండలో ఆరాయి, రోజుకు పదివేలు చేస్తే ఆరబెట్టడానికి చోటు లేదు, ఎండా లేదు. నమూనా వేరు, సరుకు వేరు అనే మాట ఆ ఫైలు దగ్గరే నాకు పూర్తిగా అర్థమైంది. లేజరు గాజుకు కూడా నోటులో నాలుగు గళ్ళు గీసి చూశాను.

మొదటి గడి, పదార్థం. క్రీట్‌లో చేసింది శుద్ధ సిలికా మీద. మన కిటికీ గాజులో సోడా, సున్నం కలుస్తాయి. మన కళ్ళజోళ్ళు చాలామటుకు గాజే కాదు, ప్లాస్టిక్కు. ఒక పదార్థానికి కుదిర్చిన లేజరు పాళ్ళు మరో దానికి పనికిరావు, మళ్ళీ మొదటినుంచి కుదర్చాలి.

రెండో గడి, కాలం. ఒక చదరపు సెంటీమీటరుకు ఒక నిమిషం పడుతుందనుకోండి, ఇది లెక్క కోసం అనుకున్నదే. చదరపు మీటరులో పదివేల చదరపు సెంటీమీటర్లు. పదివేల నిమిషాలంటే దాదాపు ఏడు రోజులు. ఇవాళ ఇళ్ళమీద పెడుతున్న పెద్ద సోలారు పలక రెండు చదరపు మీటర్ల పైమాటే. అంటే ఒక్క పలకకు రెండు వారాలు, రాత్రింబవళ్ళు. కటకానికైతే ముఖానికి ఇరవై నిమిషాలు, అది నడుస్తుంది. లేజరు ఎంత వేగం పెంచినా లెక్క తీరు ఇదే, చిన్న వస్తువుకు గిట్టుబాటు, పెద్ద వస్తువుకు కష్టం. పూత పద్ధతిలో గాజు పలకలు వరుసగా బెల్టుమీద పోతుంటే పూత పడిపోతుంది. లేజరుతో గాజు మీద నేరుగా చేయడం చేవ్రాత, అచ్చు ఒత్తడం రబ్బరు స్టాంపు. అందుకే లేజరుతో అచ్చు చేసి, ఆ అచ్చుతో ప్లాస్టిక్కు మీద ఒత్తే దారి కూడా కొందరు పరిశోధిస్తున్నారు.

మూడో గడి, తుడుపు. మనం కళ్ళజోడు దేనితో తుడుస్తాం? పంచె చెంగుతో, చీర కొంగుతో. వేలి జిడ్డు ఆ స్తంభాల సందుల్లో దూరితే వాలు ఒడ్డు పూడిపోయినట్టే, గుణం పోతుంది. గట్టిగా రుద్దితే స్తంభాలు విరుగుతాయి. చిమ్మట కన్ను పద్ధతిని ఇంగ్లండు పరిశోధకులు క్లాఫమ్, హట్లీ 1973లోనే కృత్రిమంగా చేసి చూపారు. కానన్ కంపెనీ కెమెరా కటకంలో ఇలాంటి సూక్ష్మ నిర్మాణం 2008లో అమ్మకానికి వచ్చింది, అదీ చేయి తగలని లోపలి ముఖం మీద. 2012లో షార్ప్ కంపెనీ టీవీ తెరల మీద వేసింది. ఈ రెండూ లేజరుతో చేసినవి కావు, వేరే పద్ధతులు. 1973 నుంచి 2008 అంటే ముప్ఫై అయిదేళ్ళు. ఒక ఉద్యోగి సర్వీసంత కాలం.

నాలుగో గడి, ధర. కొత్త సరుకు ఖాళీ బజారులోకి రాదు. మామూలు పూత వేసిన కళ్ళజోడు ఇప్పటికే ప్రతి ఊళ్ళో దొరుకుతోంది. సోలారు పలకల గాజుమీద కూడా ఇప్పుడు చాలావాటికి తళుకు తగ్గించే పూత వేసే వస్తోంది. కొత్తది ఆ పాతదానిని ధరలోనైనా, మన్నికలోనైనా ఓడించాలి.

ఇప్పుడు కరపత్రంలోని 40 శాతం సంగతి చూడండి. సోలారు పలకలో గాజు వెనక ముఖం లోపలి పొరకు అతికి ఉంటుంది గనుక, లెక్కకు వచ్చేది ముందు ముఖమే. నిటారు వెలుగులో అక్కడ పోయేది 4 శాతం. ఎండ 60 డిగ్రీల వాలులో పడితే 9 శాతం దాకా పోతుంది, కానీ ఆ ఉదయం సాయంకాలపు ఎండలో బలమే తక్కువ. పోయేది నాలుగు, తిరిగి వచ్చేది నలభయ్యా? జమాఖర్చు రాసినవాడెవడూ ఈ పద్దు పాస్ చేయడు. ఇప్పుడు వాడుకలో ఉన్న పూతలు ఇచ్చే లాభం రెండు మూడు శాతం, అది న్యాయమైన లెక్క. 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించాక మనవాళ్ళు చాలామంది డాబాలమీద పలకలు పెట్టించారు. వారికి నా సలహా, పలకల మీద దుమ్ము ఎప్పటికప్పుడు కడగండి. మన ఎండాకాలపు దుమ్ముకు పోయే కరెంటు ముందు ఈ రెండు శాతం చిన్నది.

మరి లేజరు గాజుకు బజారే లేదా? ఉంది, వస్తుంది. ముందుగా చిన్నవి, ఖరీదైనవి, చేయి తగలనివి అయిన వస్తువుల్లో వస్తుంది. శాస్త్ర పరికరాల కిటికీలు, బలమైన లేజరు యంత్రాల కటకాలు, కెమెరాల లోపలి భాగాలు ఇలాంటివి. యూరోపియన్ యూనియన్ వారు ఈ మధ్యదశ కోసమే ఇన్నొవేషన్ లాంచ్‌ప్యాడ్ అని ఒక పద్దు పెట్టి, పరిశోధన ఫలితాన్ని బజారు వైపు నడిపించడానికి లక్ష యూరోల దాకా ఇచ్చారు. కొనేవాడెవడు, పేటెంటు ఎలా, నమూనా నిలుస్తుందా అని చూసుకోవడానికి ఆ డబ్బు. మన దేశంలో ఇలాంటి పనికే 1996లో టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు ఏర్పడింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఫెమ్టోసెకండ్ లేజరుతో లోహాల మీద సూక్ష్మ నిర్మాణాలు చేసి, పేలుడు పదార్థాల జాడ పట్టే పని చేస్తున్నారు. బాలాపూర్‌లోని ఎ.ఆర్.సి.ఐ. సంస్థలో సోలారు గాజుకు తళుకు తగ్గించే పూతల మీద పని జరిగింది. కనుక మన పిల్లలకు ఇది మంచి చదువు, మంచి రంగం. ఆ ప్రయాణపు ఖర్చు భరించవలసినవారు ప్రభుత్వాలు, నష్టం తట్టుకోగల పెద్ద సంస్థలు. ఒకసారే చేతికి వచ్చే గ్రాట్యుటీతో ఆ పని చేయించడం న్యాయం కాదు.

ఎవరైనా మీ ఇంటికి ఇలాంటి కరపత్రం తెస్తే అయిదు ప్రశ్నలు అడగండి. గాజు ముక్క ఏదీ, చేతికివ్వండి. నా ఎదుట సబ్బునీళ్ళతో వందసార్లు తుడిచి చూపిస్తారా? ఏ గుర్తింపు పొందిన పరీక్షశాల కొలిచింది, ఆ కాగితం ఏదీ? చదరపు అడుగు ధర ఎంత, ఇప్పుడు దొరికే పూత గాజు ధర ఎంత? చివరిది ముఖ్యం, మీరు గాజు అమ్ముతున్నారా, డిపాజిట్టు అడుగుతున్నారా? గాజు అమ్మేవాడు గాజు చూపిస్తాడు. డిపాజిట్టు కోసం వచ్చినవాడు కరపత్రం చూపిస్తాడు. నెలనెలా రాబడి గ్యారంటీ అని నోటితో చెప్పే మాట ఏ ఫైలులోనూ నిలవదు.

మన దగ్గరకు వచ్చిన పెద్దమనిషిని కార్యవర్గం తరఫున ఇవే ప్రశ్నలు రాతపూర్వకంగా అడిగాం. గాజు ముక్క రాలేదు, జవాబూ రాలేదు. ముగ్గురు మిత్రుల డబ్బు వారి ఖాతాల్లోనే ఉంది. ఆ మేరకు నా రెండు నెలల చదువు ఫలించిందనుకుంటాను.

ఇంటికి వెళ్ళాక చేయగలిగిన చిన్న పని ఒకటి చెప్పి ముగిస్తాను. మీ కళ్ళజోడును ట్యూబులైటు కింద పట్టుకుని చూడండి. కటకంలో లైటు నీడ తెల్లగా, కొట్టొచ్చినట్టు కనబడితే దానికి పూత లేదు. నీడ మసకగా, ఆకుపచ్చగానో ఊదాగానో కనబడితే పూత ఉంది. ఈసారి అద్దాలు మార్చుకునేటప్పుడు పూత ఉన్నది అడిగి తీసుకోండి. రాత్రిపూట బయట తిరిగేవారికి తేడా తెలుస్తుంది. పొడిగా తుడవకండి, ముందు నీళ్ళతో కడిగి, ఆపైన మెత్తని గుడ్డతో అద్దండి. పంచె చెంగుకు కాస్త విశ్రాంతి ఇవ్వండి.